పచ్చిపులుసుతో పండిన వరిమడి

ఈ మధ్య కొత్తగా టీచర్లయిన పిల్లలు మా ఇంటికి వస్తే, చాయ తాగి, కప్పు కింద పెట్టి, మర్యాద కోసం ఒక ప్రశ్న అడుగుతారు. "సార్, మీ సర్వీసు మొత్తంలో మీరు బాగా చెప్పిన పాఠం ఏది?" ముప్పై ఏళ్ళకు పైగా డ్రాయింగు చెప్పినవాణ్ణి. బాగా చెప్పిన పాఠాలు ఉండే ఉంటాయి, కానీ ఒక్కటీ గుర్తు లేదు. గుర్తున్నదల్లా నలుగురిలో పరువు పోయిన పాఠం. మెదక్‌లో రెండో తరగతి పిల్లలకు రంగులు వేయడం నేర్పబోయి, ఇన్‌స్పెక్టరు ఎదుట నేను వెలగబెట్టిన ఘనకార్యం అది. అడిగారు కనక చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళే అయింది. నాకు ఇరవై నాలుగేళ్ళు. హైదరాబాదులో బొమ్మలు వేయడం నేర్చుకుని, సర్టిఫికెట్టు చంకలో పెట్టుకుని, తూప్రాన్ మీదుగా వచ్చే బస్సులో మెదక్‌లో దిగాను. ఖిల్లా కింద గల్లీలో ఉన్న మిడిల్ స్కూల్లో డ్రాయింగు మాస్టరు పోస్టు, అదీ టెంపరరీ. పెద్ద తరగతులతోపాటు ఒకటి నుంచి మూడు దాకా చిన్న తరగతులకు కూడా వారానికి రెండేసి పీరియడ్లు నావే. అవి ఉంటేనే నా పోస్టు ఉంటుంది. అవి తీసేస్తే ఆ బడిలో డ్రాయింగు మాస్టరుకు పనే లేదు. నేను మళ్ళీ హైదరాబాదు పోయి, నిచ్చెన ఎక్కి, దుకాణాలకు బోర్డులు రాసుకోవాలి.

ఆ పీరియడ్లు తీసేయమని ఆఫీసుకు రాసింది మా హెడ్‌మాస్టరే. పిల్లలూ మేమూ ఆయన్ను పెద్దసారు అనేవాళ్ళం. లెక్కల మనిషి. మాట తక్కువ, మీసం ఎక్కువ. నా వెనక గోతులు తవ్వే రకం మాత్రం కాదు. రాయడానికి ముందు నన్ను పిలిచి మొహం మీదే చెప్పారు.

"డ్రాయింగు సారూ, మీ మీద నాకేం కోపం లేదు. కని గీ చిన్న పోరగాండ్లకు బొమ్మలెందుకు చెప్పుండ్రి? ఆరో ఎక్కం ఒక్కనికి వస్తలేదు. గా పీరియడ్లు నాకిస్తే పన్నెండు దాక ఎక్కిస్త."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నేను చెప్పే పాఠం కూడా అంత సొగసుగా ఉండేది. నల్లబల్ల మీద కుండ గీసేవాణ్ణి, తరవాత వంకాయ, ఆ తరవాత మామిడిపండు. పిల్లలు పలక మీద దింపుకునేవాళ్ళు. పలక మీద వంకాయకూ మామిడిపండుకూ తేడా తొడిమ ఒక్కటే.

దీపావళి వెళ్ళాక ఇన్‌స్పెక్టరు వస్తారనీ, చిన్న తరగతికి నేను చెప్పే పాఠం చూసి పీరియడ్ల సంగతి తేలుస్తారనీ కబురొచ్చింది. నాకు పౌరుషం పుట్టుకొచ్చింది. కుండా వంకాయా చూపిస్తే నా పని అయిపోయినట్టే. పిల్లల చేత రంగులు వేయించాలనుకున్నాను. బడిలో రంగుల డబ్బా లేదు, కుంచెలు లేవు, నలభై మందికి కాగితాలూ లేవు. అయినా సరే, దొరికేవాటితోనే చేసి చూపిద్దామని మొదలుపెట్టాను. ఈతమట్ట పుల్లలు తెచ్చి, చివర్లు రాయితో నలగ్గొట్టి, కుంచెలు చేశాను. జాజుమన్ను ఎరుపుకు, బట్టలకు పెట్టే నీలిమందు ఆకాశానికి, బొగ్గు నలుపుకు, చిక్కుడాకు పసరు ఆకుపచ్చకు, వంటింటి పసుపు పంటకు. అన్నీ నూరి తుమ్మబంక నీళ్ళతో కలిపి కొబ్బరిచిప్పల్లో పోశాను. కాగితం బదులు వరండా గోడ.

ఇంతవరకూ చేసినవన్నీ మంచి పనులే. చెడ్డ పని ఏమిటంటే, ఇదంతా ఎవరికీ తెలియకుండా చేశాను. నా కిరాయి గదిలో తలుపులు వేసుకుని రంగులు నూరాను. ఒక కాగితం మీద అన్నీ వేసి చూసుకున్నాను, బ్రహ్మాండంగా వచ్చాయి. ఆ రోజు అందరూ నోళ్ళు తెరుచుకుని చూడాలి, ఆ గొప్పంతా నా ఒక్కడికే దక్కాలి. ఇదీ లోపలి మాట. మా బడిలో ఒక ఆయమ్మ ఉండేది. నీళ్ళు మోయడం, పిల్లల కొట్లాటలు తీర్చడం, గోడలకు సున్నం వేయడం అన్నీ ఆమే. పెద్దసారు కంటే ముందు నుంచీ ఆ బడిలో ఉంది. ఇన్‌స్పెక్టరు వచ్చే ముందురోజు మధ్యాహ్నం ఆమెను పిలిచి, "వరండా గోడకు కింది సగం సున్నం వెయ్యమ్మా" అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు కనక అనుకుని ఆమె రెండు పూతలు వేసింది.

ఆ రెండో తరగతిలో ఒక పిల్ల ఉండేది. బజారు వెనక బట్టలకు రంగులద్దే ముస్లింల ఇంటి పిల్ల. రోజుకో రంగు చేతులతో బడికొచ్చేది. ఒకనాడు మణికట్టు దాకా నీలం, ఇంకోనాడు గులాబీ. పాఠానికి ముందు పిల్లల చేతులు చూడాలని నాకు ట్రైనింగులో నేర్పారు. అందుకని ప్రతి పీరియడులోనూ ఆ పిల్లను, "పో, చేతులు కడుక్కుని రా" అని బయటికి పంపేవాణ్ణి. పోయేది, మన్ను పెట్టి రుద్దుకునేది, అవే చేతులతో తిరిగొచ్చేది. మళ్ళీ పంపేవాణ్ణి. ఒక్కసారైనా ఎందుకిలా ఉన్నాయని అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ రోజు వచ్చింది. ఇన్‌స్పెక్టరు బెజవాడ వైపు ఆయన, ధోవతి మీద కోటు వేసుకుని, చేతిలో నోటుబుక్కుతో వచ్చారు. వరండాలో ఆయనకు కుర్చీ వేశాం. పెద్దసారు పక్కన నిలబడ్డారు. నలభై మంది పిల్లలు గోడ పొడుగునా వరసగా గొంతుక్కూర్చున్నారు. ఎవరి ముందు వాళ్ళకు తెల్లటి గోడ.

"ఇప్పుడు ఊరి బయటికి పోతే ఏం కనబడుతుంది?" అని అడిగాను.

"వరి సార్!"

"కోతకొచ్చింది సార్! హవేలిఘనపూర్ దిక్కు పోతె అంత వరే!"

"అయితే గోడ మీద వరిమడి వేద్దాం" అన్నాను.

మొదట నీలం ఇచ్చాను. గోడంతా ఆకాశమైంది. తరవాత జాజు, పొలం గట్లు వచ్చాయి. బొగ్గుతో ఎవరికి తోచిన పిట్టలు వాళ్ళు వేశారు. ఒకడు చర్చి గోపురం కూడా లేపాడు, మా ఊళ్ళో ఏ పొలంలో నిలబడ్డా అది కనిపిస్తుంది కనక. మామూలుగా పలక మీద నిద్రపోయే పిల్లలు నాలుక బయటపెట్టి మరీ పనిచేస్తున్నారు. ఇన్‌స్పెక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. పెద్దసారు వైపు ఓరగా చూశాను. ఆయన మీసం కూడా కొంచెం మెత్తబడ్డట్టే అనిపించింది. నా ఛాతీ గజం వెడల్పయింది.

పసుపును చివరికి దాచిపెట్టాను, నాటకంలో రాజు ఆఖర్న వచ్చినట్టు రావాలని. చిప్పలు పంచి, "ఇప్పుడు పంట వెయ్యండి!" అని గట్టిగా అన్నాను.

నలభై కుంచెలు గోడను తాకాయి. తాకినచోటల్లా గోడ ఎర్రబడింది. లేత ఎరుపు కాదు, చిక్కటి ఎరుపు. పిల్లలు కుంచె వైపు చూశారు, పసుపే ఉంది. గోడ వైపు చూశారు, ఎరుపు. ఒకడు సరిగా అంటలేదేమోనని ఇంకా దట్టంగా పూశాడు, అది ఇంకా ఎర్రబడింది. ఒక పిల్ల తనేదో తప్పు చేశాననుకుని ఏడుపు లంకించుకుంది. చివర కూర్చున్నవాడు లేచి నిలబడి అరిచాడు.

"సార్! మా పొలం అంటుకున్నది!"

పెద్దసారు నా దగ్గరికి వచ్చి, పళ్ళ మధ్య నుంచి అన్నారు. "ఏందిది డ్రాయింగు సారూ? వరి ఎర్రగుంటదా ఎక్కడన్న?"

అప్పుడు వరండా చివర నీళ్ళ కుండల దగ్గర నుంచి నవ్వు వినిపించింది. ఆయమ్మ. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగడం లేదు.

"అయ్యో సారూ, నిన్న ఏసిన పచ్చి సున్నమాయె! దాని మీద పసుపు వెడితె ఎర్రగ గాక ఏమైతది? దిష్టి నీళ్ళు గట్లనే గద కలుపుతం!"

పసుపూ సున్నమూ కలిస్తే ఎరుపవుతుందని నాకు తెలియదా? చిన్నప్పుడు జ్వరమొచ్చిన ప్రతిసారీ మా అమ్మ ఎర్రనీళ్ళు కలిపి నాకు దిష్టి తీసి, వాకిట్లో పారబోసేది. అది ఇంటి సంగతి. నేను బళ్ళోకి సర్టిఫికెట్టుతో వచ్చాను, ఇంటి సంగతులన్నీ చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచి వచ్చాను. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

పెద్దసారు గిర్రున ఆయమ్మ వైపు తిరిగారు. "సున్నం ఏసింది నువ్వే గద? గింత తెలిసినదానివి ముందుగల్ల చెప్పొద్దా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. నిజం చెబుతాను. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, తప్పు ఆమె మీదికి పోతే నా ఉద్యోగం దక్కుతుంది కదా అనిపించింది. అలా అనిపించినందుకు నాకు ఇవాళ్టికీ కష్టంగానే ఉంటుంది. తరవాత వాళ్ళిద్దరి మధ్యకు వెళ్ళాను.

"ఆమెది తప్పు లేదు సార్. గోడ ఎందుకో నేనే చెప్పలేదు. రంగులు కూడా ఎవరికీ చూపించకుండా తలుపులు వేసుకుని నూరాను. తప్పంతా నాదే."

"నన్నొక్క మాట అడిగితె చెప్పకపోదునా సారూ" అంది ఆమె మెల్లగా.

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నారు. "సరేనండీ మాస్టారూ, తప్పు మీదే. ఒప్పుకున్నారు. కానీ పీరియడు ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. ఏం చేస్తారు?"

ఏం చెయ్యాలో నాకు తెలియదు. దిక్కు తోచక పిల్లల వైపే తిరిగాను. "ఇది ఎందుకు ఎర్రబడిందో మీలో ఎవరికి తెలుసు?"

నలభై చేతులు లేచాయి. కుంచెల నుంచి రంగులు చొక్కాల మీద కారుతున్నా ఒక్కరూ దించలేదు. దిష్టి నీళ్ళనీ, పెళ్ళికూతురి కాళ్ళ పారాణనీ, తమలపాకు నమిలే నాయనమ్మ సున్నం వేళ్ళతో పసుపుకొమ్ము పట్టుకుందనీ, ఒకటే గోల. ఏడుస్తున్న పిల్ల కూడా ఏడుపు మాని చెయ్యెత్తింది.

"మరి దీన్ని మళ్ళీ పసుపు చెయ్యడం ఎట్లా?"

చేతులన్నీ దిగిపోయాయి. ఒక్కటి మాత్రం మిగిలింది. నీలం చెయ్యి.

"పుల్లటి నీళ్ళు పోస్తె మల్ల పసుపైతది సార్. షాదీ దుపట్టాకు మా అబ్బా పసుపు రంగేస్తడు. దాని మీద సబ్బు నీళ్ళు పడితె గిట్లనే ఎర్రగైతది. అప్పుడు మా అమ్మీ చింతపండు నీళ్ళు రుద్దుతది."

నేను కడుక్కురమ్మని తరిమిన చేతులవి. వాటికి తెలిసినంత రంగుల సంగతి నాకు తెలియదని అందరి ముందూ తేలిపోయింది. ఎక్కడైనా గొయ్యి ఉంటే దూకాలనిపించింది. కానీ గొయ్యి లేదు, పద్దెనిమిది నిమిషాలు ఉన్నాయి.

"చింతపండు ఎక్కడ దొరుకుతుందిప్పుడు?" అన్నాను.

అందరి చూపులూ పెద్దసారు గది వైపు పోయాయి. ఆయన మధ్యాహ్నం భోజనంలోకి పచ్చిపులుసు లేని రోజు లేదని బడి అంతటికీ తెలుసు. చింతపండు పిసికి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేసి, పోపు పెట్టిన పుల్లనీళ్ళు. ఆ రోజు ఇన్‌స్పెక్టరుకు కూడా ఆయన గదిలోనే భోజనం. అందుకని వాళ్ళ ఇంటావిడ పెద్ద ఇత్తడి గిన్నె నిండా పంపింది.

పెద్దసారు గోడను చూశారు. పిల్లలను చూశారు. నా మొహం మాత్రం చూడలేదు.

"పొయ్యి నా గిన్నె పట్కరా" అన్నారు ఆయమ్మతో.

"సారూ, గది ఇన్‌స్పెక్టర్ సారుకని అమ్మ పంపింది..."

"పట్కరా అంటున్న గద!"

గిన్నె వచ్చింది. పిల్లలు దాని చుట్టూ మూగి, ఉల్లిపాయ ముక్కలు ఏరి పక్కన పెట్టారు. కొన్ని నోట్లోకీ పోయాయి. నీలం చేతుల పిల్ల ముందుగా కుంచె ముంచి ఎర్రటి మడి మీద గీసింది. గీసినంత మేరా పసుపు తిరిగొచ్చింది. తక్కినవాళ్ళు ఒక్కసారిగా గోడ మీద పడ్డారు. ఎర్రటి పొలాలు ఒక్కో గీతా పండుతూ వచ్చాయి. ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచి, ధోవతి పైకి ఎగగట్టి, ఒక పిల్లవాడి పక్కన గొంతుక్కూర్చుని చూస్తున్నారు. వాడు కుంచె నాకి, మిరపకాయ ఘాటుకు హా హా అంటూనే రంగు వేస్తున్నాడు. బడి గంట కొట్టినా ఒక్కరూ కదల్లేదు.

భోజనాల దగ్గర నన్నూ కూర్చోమన్నారు. పులుసు లేదు కనక ముగ్గురం పెరుగన్నం తిన్నాం. ఇన్‌స్పెక్టరు అన్నం కలుపుతూ, "ఈ పీరియడ్లు వద్దని రాసింది తమరే కదండీ?" అని పెద్దసారును అడిగారు.

"రాసింది నేనే సార్" అన్నారు పెద్దసారు. "కని ఇరవై ఏండ్ల సంది లెక్కలు చెప్తున్న. ఒక్క ప్రశ్నకు క్లాసుకు క్లాసు చెయ్యి లేపంగ నేనెన్నడు సూడలే. ఇయ్యాల సూసిన."

ఇన్‌స్పెక్టరు చెయ్యి కడుక్కున్నారు. రిపోర్టు మర్నాడు పొద్దున వచ్చి రాస్తానని రాత్రి బసకు ముసాఫిర్ బంగ్లాకు వెళ్ళిపోయారు.

సాయంత్రం బడి విడిచిపెట్టే వేళకు ఆయమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కుపోయింది. గోడ మళ్ళీ ఎర్రబడింది. పులుసు ఆరేకొద్దీ లోపలి సున్నం తన పని తాను చేసుకుపోతోంది. అక్కడక్కడా పసుపు, తక్కినదంతా ఎరుపు, మధ్యలో పోపు గింజలు.

"పరేశాన్ గాకు సారూ. నేనింకో పూత ఏస్త, తెల్లారేవరకు తెల్లగైతది" అంది ఆయమ్మ. నేను సరేనందామనే అనుకున్నాను. మా వెనక పెద్దసారు ఎప్పుడొచ్చి నిలబడ్డారో తెలియదు.

"తప్పు లెక్కను రబ్బరుతోని తుడిస్తె నేను మార్కులెయ్య. అడ్డగీత కొట్టి, అది కనవడేటట్టు వెట్టి, పక్కన మల్ల చెయ్యాలె. గోడ గట్లనే ఉండనియ్యిండ్రి" అని చెప్పి గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు గేటు దాటుతుండగానే నేను ఎదురు పోయి, గోడ మళ్ళీ ఎర్రబడిందని చెప్పేశాను. ఆయన వచ్చి చాలాసేపు చూశారు. పిల్లలు ప్రార్థనకు వరస కడుతున్నారు. నీలం చేతుల పిల్లను పిలిచారు. ఆ రోజు ఆకుపచ్చ చేతులు.

"ఏమ్మా, నీ మందు పనిచెయ్యలేదే?"

"గోడ ఇంక పచ్చిగున్నది సాబ్" అంది ఆ పిల్ల, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు. "ఆగమాగం జేస్తె మా అబ్బా తిడ్తడు. జర ఆరనియ్యాలె."

"ఎన్నాళ్ళు?"

"ఆరేదాక."

ఇన్‌స్పెక్టరు గట్టిగా నవ్వారు. ఆయన పెద్దసారు గదిలోకి పోయి, తనిఖీ పుస్తకం తెరిచి రాశారు. తరవాత దాన్ని పెద్దసారూ నేనూ నాలుగైదుసార్లు చదువుకున్నాం. చిన్న తరగతులకు డ్రాయింగు కొనసాగించవలెను. వరండా గోడ పూర్తిగా ఆరి, పిల్లలు వరిమడిని పసుపు రంగులో ముగించువరకు డ్రాయింగు మాస్టరును ఈ పాఠశాల నుండి కదపరాదు. గోడ సంగతి ఏటేటా తెలియజేయవలెను.

ఆ వారం నుంచి రంగులు వరండాలోనే, అందరి ముందూ నూరేవాణ్ణి. ఆయమ్మ పక్కన కూర్చుని వంకలు పెట్టేది. ఆ పిల్లను పిలిచి, "ఇకనుంచి నువ్వు చేతులు కడుక్కురానక్కర్లేదమ్మా" అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. మొహం ముడుచుకుంది. పీరియడు మధ్యలో బయట తిరిగొచ్చే అవకాశం పోయిందని దాని బాధ. మీరు కొత్తవాళ్ళు కనక చెబుతున్నాను, పిల్లల విషయంలో పశ్చాత్తాపం కూడా వాళ్ళను అడిగే పడాలి.

నెలన్నర తిరిగేసరికి గోడ ఆరింది. పిల్లలు వరిమడి మళ్ళీ వేశారు, పసుపు పసుపుగానే నిలిచింది. ఇక నన్ను ఎక్కడికి బదిలీ చేసినా అడ్డం లేదు. ఏ ఊరికి ఆర్డరు వస్తుందోనని ప్రతి వేసవిలో పెట్టె సర్దుకుని కూర్చునేవాణ్ణి. రాలేదు. నన్ను మరిచిపోయారేమో అనుకున్నాను. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. ఆ ఊళ్ళోనే పెళ్ళయింది, పిల్లలు పుట్టారు.

పెద్దసారు రిటైరైన మర్నాడు ఆయన బీరువా సర్దే పని నాకు పడింది. ఆఫీసుకు పంపిన కాగితాల నకళ్ళు ఒక కట్టగా కట్టి ఉన్నాయి. ఆయన హాజరుపట్టీలో ఒక్క అంకె తప్పు రాసి ఎరుగరు. పై అధికారి అడిగినా తప్పు అంకె రాయనన్న మనిషి. ఆ కట్టలో ఏడాదికొకటి చొప్పున తొమ్మిది కాగితాలు, అన్నీ ఆయన ముత్యాల్లాంటి చేతిరాతే. తొమ్మిదింటిలోనూ ఒకటే వాక్యం.

"వరండా గోడ ఇంకనూ ఆరలేదు."